మేకప్ బ్రష్‌లు, స్పాంజ్‌లు: ఎలా కడగాలి, ఎలా ఆరబెట్టాలి

మేకప్ బ్రష్‌ను కడగడానికి ఐదు నిమిషాలు చాలు. అది కుదురు దాకా ఆరడానికి మాత్రం ఒక రాత్రి పడుతుంది. కుచ్చు మందంగా ఉంటే మరుసటి రోజు కూడా పట్టవచ్చు. ఏ షాంపూ వాడాలన్న దాని గురించే చాలామంది ఎక్కువగా ఆలోచిస్తారు కానీ, ఖరీదు పెట్టి కొన్న బ్రష్ వెంట్రుకలు రాలిపోవడానికైనా, స్పాంజ్‌లో నల్లటి బూజు పుట్టడానికైనా అసలు కారణం సాధారణంగా లోపల నిలిచిపోయిన తడే. అందుకే ఇక్కడ ఆరబెట్టడం గురించి కూడా కడగడం గురించి చెప్పినంత వివరంగా చెబుతున్నాను. ఆ భాగాన్ని తొందరలో దాటవేయవద్దని ముందుగానే మనవి చేస్తున్నాను.

ఎన్నాళ్లకొకసారి కడగాలి?

ముఖానికి ఫౌండేషన్ రాసిన ప్రతిసారీ చర్మం మీది జిడ్డు, చెమట, మృతకణాలు, వాటితో పాటు బాక్టీరియా కూడా బ్రష్ కుచ్చులోకి చేరతాయి. క్రీముల్లోని తేమ, నూనె వాటికి తోడైతే అవి అక్కడే పెరుగుతాయి. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఉన్న ఆస్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జనం వాడుతున్న మేకప్ సామగ్రిని సేకరించి, పరీక్షించి, 2019లో ఫలితాలను వెల్లడించారు. వాళ్లకు అందిన బ్లెండింగ్ స్పాంజ్‌లలో 93 శాతం ఒక్కసారైనా కడగనివి. 64 శాతం ఎప్పుడో ఒకప్పుడు నేల మీద పడినవి. పరీక్షించిన వస్తువులన్నిటిలోనూ స్పాంజ్‌ల పరిస్థితే అధ్వానంగా తేలింది. తడిగా ఉండి, లోతైన రంధ్రాలుండి, రోజూ ముఖానికి తగిలే వస్తువు కాబట్టి అందులో ఆశ్చర్యం లేదు.

బ్రష్‌లను 7 నుంచి 10 రోజులకొకసారి కడగాలని అమెరికాలోని చర్మవైద్యుల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ సూచిస్తుంది. మన వాతావరణంలో నేను దీన్ని ఇంకొంచెం బిగించి చెబుతాను. ఫౌండేషన్, కన్సీలర్ బ్రష్‌లను, కళ్ల దగ్గర వాడే బ్రష్‌లను వారానికి ఒకసారి తప్పనిసరిగా కడగండి. పొడి బ్లష్‌కు, కాంపాక్ట్‌కు వాడే బ్రష్‌లు పది రోజులు ఆగగలవు. ఏప్రిల్, మే నెలల్లో చెమట పట్టిన ముఖం మీద వాడినట్లయితే పొడి బ్రష్‌లను కూడా వారానికే కడగడం మంచిది. మొటిమల బాధ ఉన్నవారు మూడు నాలుగు రోజులకొకసారి కడగడం అలవాటు చేసుకోవాలి. స్పాంజ్‌కు మాత్రం ఈ లెక్కలేవీ వర్తించవు. దాన్ని వాడిన రోజే కడగాలి.

బ్రష్‌లో ఏ భాగం ఎందుకు పాడవుతుంది?

కడగడానికి ముందు మీ బ్రష్‌ను ఒకసారి పరిశీలనగా చూడండి. పైన వెంట్రుకల కుచ్చు, కింద పిడి, రెండింటినీ కలుపుతూ ఒక లోహపు తొడుగు ఉంటాయి. వెంట్రుకల కుదుళ్లన్నీ ఆ తొడుగు లోపల జిగురుతో అతికి ఉంటాయి. నీళ్లు అక్కడికి చేరి నిలిస్తే జిగురు క్రమంగా పట్టు విడుస్తుంది, వేడి నీళ్లయితే ఇంకా త్వరగా మెత్తబడుతుంది. పిడి చెక్కదైతే తడికి ఉబ్బి, పైనున్న రంగు పగిలి, తొడుగు వదులై కదలడం మొదలవుతుంది. పిడిని పట్టుకుని తిప్పితే తొడుగు కదులుతున్నదంటే ఆ బ్రష్ లోపలికి నీళ్లు వెళ్లాయని అర్థం. ఇక్కడ చెప్పబోయే జాగ్రత్తలన్నీ ఈ ఒక్క భాగాన్ని కాపాడడానికే.

వెంట్రుకలు రెండు రకాలు. మేక, ఉడుత, గుర్రం వంటి జంతువుల వెంట్రుకలతో చేసినవి పొడిని బాగా పట్టుకుంటాయి, కానీ మన తలవెంట్రుకల లాగే నీటిని పీల్చుకుని, ఆలస్యంగా ఆరి, ఘాటైన సబ్బుకు పెళుసుబారతాయి. నైలాన్ వంటి కృత్రిమ పోగులతో చేసినవి నీటిని పీల్చవు, క్రీములకు అనువుగా ఉంటాయి, కాస్త గట్టిగా తోమినా తట్టుకుంటాయి. మీ దగ్గర ఉన్నది ఏ రకమో తెలియకపోతే తడిపినప్పుడు గమనించండి. తడి జంతువు వాసన వచ్చి, కుచ్చు బరువుగా వాలిపోతే అది సహజ వెంట్రుకలది.

నీళ్లు, సబ్బు

పిల్లలకు వాడే సువాసన తక్కువ షాంపూ ఏ బ్రష్‌కైనా సరిపోతుంది. క్రీము ఫౌండేషన్ దట్టంగా పట్టిన కృత్రిమ పోగుల బ్రష్‌కు గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు కలిపితే జిడ్డు త్వరగా వదులుతుంది. సహజ వెంట్రుకలకు దాన్ని వాడవద్దు, వాటిలో ఉండవలసిన మెత్తదనాన్ని కూడా అది లాగేస్తుంది.

బార్ సబ్బు వాడవచ్చా అన్నది మీ ఇంటికి వచ్చే నీటిని బట్టి ఉంటుంది. హైదరాబాద్‌లోని ఎన్నో అపార్ట్‌మెంట్లలోనూ, తెలంగాణ, రాయలసీమ ఊళ్లలోనూ బోరు నీళ్లే దిక్కు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి నీటిలో కరగని తెల్లటి తెట్టు కడతాయి. ఈ తెట్టు వెంట్రుకల మధ్య ఇరుక్కుని, బ్రష్ ఆరాక గరుకుగా తగులుతుంది. ఎంత కడిగినా బ్రష్ చీపురులా అయిపోతోందని బాధపడేవారిలో చాలామంది ఇళ్లలో జరుగుతున్నది ఇదే. షాంపూలలో ఉండేది సబ్బు కాదు కాబట్టి బోరు నీళ్లలో కూడా అలా విరగదు. నీళ్లలో ఉప్పు ఎక్కువైతే షాంపూతో కడిగి, చివరి జాలింపుకు మాత్రం తాగడానికి వాడే ఫిల్టర్ నీళ్లు ఒక గ్లాసు తీసుకోండి. ఆ ఒక్క గ్లాసుతో వచ్చే తేడా మీ చెంపకే తెలుస్తుంది.

కుంకుడుకాయ రసం కూడా జిడ్డును బాగా వదిలిస్తుంది, సహజ వెంట్రుకల పొడి బ్రష్‌లకు పనికొస్తుంది. అయితే రసాన్ని పలుచని గుడ్డతో రెండుసార్లు వడకట్టి, పిప్పి లేకుండా చూసుకుని, అప్పటికప్పుడే వాడాలి. కళ్ల బ్రష్‌లకు మాత్రం వద్దు. కుంకుడు రసం కంట్లో పడితే ఎలా మండుతుందో తలంటు పోసుకుంటూ పెరిగిన వాళ్లకు చెప్పనక్కరలేదు. డెట్టాల్, బ్లీచింగ్ పౌడర్ వంటివి కలపడం కొందరి అలవాటు. అవి ముఖానికి తగిలే వస్తువుల కోసం తయారైనవి కావు. కుచ్చులో మిగిలిపోతే చర్మం మండి, ఎర్రబడుతుంది.

బ్రష్‌ను కడిగే క్రమం

మొదట పొడి పని. శుభ్రమైన పాత తువ్వాలు మీద గానీ టిష్యూ మీద గానీ బ్రష్‌ను అటూ ఇటూ తుడిచి, వదులుగా ఉన్న పొడిని రాల్చేయండి. క్రీము అంటుకున్న బ్రష్ అయితే టిష్యూను కుచ్చు చుట్టూ మడిచి, కుదురు నుంచి కొన వైపు నెమ్మదిగా లాగండి. ఈ అర నిమిషం పనితో తర్వాత పట్టే నీళ్లు, సబ్బు బాగా తగ్గుతాయి.

నీళ్లలో కరగని లైనర్, లాంగ్ స్టే లిప్‌స్టిక్, వాటర్‌ప్రూఫ్ కాటుక వంటివి ఉన్న బ్రష్‌కు ఈ దశలోనే నూనె పట్టించాలి. ఒక చిన్న పళ్లెంలో రెండు చుక్కల కొబ్బరినూనె గానీ ఆలివ్ నూనె గానీ వేసి, కుచ్చు కొనను అందులో తిప్పి, రంగు కరిగి నూనెలోకి దిగాక టిష్యూతో తుడిచేయండి. చలికాలంలో కొబ్బరినూనె గడ్డకడుతుంది కనుక ముందుగా కరిగించుకోండి. నూనె పట్టించిన బ్రష్‌ను తర్వాత షాంపూతో రెండుసార్లు కడగడం తప్పనిసరి. ఒక్కసారితో సరిపెడితే మిగిలిన జిడ్డుకు మర్నాడు ఐషాడో ముద్దలు ముద్దలుగా అంటుకుంటుంది.

ఆ తర్వాత కొళాయి కింద తడపండి. నీళ్లు గోరువెచ్చగా ఉంటే చాలు. కుచ్చు కొన ఎప్పుడూ నేల వైపే చూస్తుండాలి, నీటి ధార కుచ్చు మీద పడి కొన వైపు జారిపోవాలి. బ్రష్‌ను నిలువుగా పైకి పట్టుకుని కొళాయి కింద పెడితే నీళ్లు నేరుగా లోహపు తొడుగులోకి దిగుతాయి. అలాగే, షాంపూ కలిపిన గ్లాసు నీళ్లలో బ్రష్‌లన్నీ నానబెట్టి వేరే పని చూసుకునే అలవాటు ఉంటే దయచేసి మానుకోండి. తొడుగును వదులు చేయడానికి అంతకన్నా దగ్గర దారి లేదు.

ఇప్పుడు అరచేతిలో చిక్కుడు గింజంత షాంపూ వేసుకుని, కుచ్చును దాని మీద ఆనించి గుండ్రంగా తిప్పండి. ముగ్గు వేసేటప్పుడు వేళ్లు ఆడేంత తేలికగా చెయ్యి ఆడాలి. బలంగా నొక్కితే పోగులు కుదురు దగ్గర విరిగి, కుచ్చు పువ్వులా విచ్చుకుపోతుంది. నురగ లేత గోధుమ రంగులోకి, గులాబీ రంగులోకి మారుతుంటే లోపలి మేకప్ బయటికి వస్తున్నట్లు. దట్టమైన ఫౌండేషన్ బ్రష్‌లో అసలు మురికి కొనలో కన్నా మధ్యలో ఉంటుంది కాబట్టి, వేళ్లతో కుచ్చును సగానికి విడదీసి లోపలికి నురగ పట్టించండి. అక్కడ తడిసిన ఫౌండేషన్ ముద్ద ఒకటి దాగి ఉండడం మామూలే. గాట్లు ఉన్న సిలికాన్ మ్యాట్ ఉంటే పని సులువే గానీ, కొని తీరాలన్నంత అవసరం లేదు. సున్నితమైన కళ్ల బ్రష్‌లకు అరచేయే మేలు.

నురగ తెల్లగా మారాక, కొన కిందికే ఉంచి జాలించండి. నీళ్లు తేటగా దిగే వరకు జాలించి, ఒకసారి కుచ్చును రెండు వేళ్ల మధ్య కుదురు నుంచి కొన వరకు పిండండి. పిండిన నీళ్లలో రంగు కనిపిస్తే మళ్లీ షాంపూ పెట్టాలి. తేటగా ఉండి, వేళ్లకు జారుడు తగలకపోతే బ్రష్ శుభ్రమైనట్లే. తెల్లటి గుడ్డ మీద తడి కుచ్చును అద్ది చూస్తే ఇంకా నమ్మకంగా తెలుస్తుంది. కృత్రిమ పోగులకు ఎర్ర లిప్‌స్టిక్ రంగు శాశ్వతంగా పట్టేయవచ్చు. గుడ్డకు రంగు అంటనంత వరకు అది మచ్చ మాత్రమే, మురికి కాదు.

ఆరబెట్టడం

పొడి తువ్వాలు మధ్యలో కుచ్చును పెట్టి, వేళ్లతో మెల్లగా అదమండి. రుద్దవద్దు, మెలిపెట్టవద్దు. తొడుగు చుట్టూ ఉన్న తడిని, పిడి మీది తడిని కూడా తుడిచేయండి. కుచ్చు ఇంకా తడిగా ఉన్నప్పుడే దాని అసలు ఆకారాన్ని వేళ్లతో దిద్దాలి. చదునుగా ఉండవలసిన దాన్ని చదునుగా, కోసుగా ఉండవలసిన దాన్ని కోసుగా మలిస్తే ఆరాక అలాగే నిలుస్తుంది. ఆరాక దిద్దుదామంటే మాట వినదు.

ఆ తర్వాత బ్రష్‌ను మేజా అంచున అడ్డంగా పడుకోబెట్టి, కుచ్చు మాత్రం అంచు దాటి గాలిలో ఉండేలా పెట్టండి. తువ్వాలు మీదే పడుకోబెడితే కింది వైపు తడి చిక్కుకుపోయి ముక్కవాసన వస్తుంది. మడిచిన తువ్వాలును పిడి చివర కింద పెట్టి, కుచ్చు వైపు కొద్దిగా వాలుగా ఉండేలా చేస్తే తొడుగులోని నీళ్లు కూడా బయటికి జారుతాయి. కొనలు కిందికి వేలాడేలా పట్టే స్టాండు ఉంటే మరీ మంచిది. తడి బ్రష్‌ను గ్లాసులో నిలబెట్టడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. మిగిలిన నీరంతా జిగురు దగ్గరికే దిగుతుంది.

నీడలో, ఫ్యాను గాలి తగిలే చోట ఉంచండి. ఎండలో పెడితే సహజ వెంట్రుకలు పెళుసుబారతాయి. హెయిర్ డ్రయర్ వేడిగాలి జిగురును మెత్తబరుస్తుంది. బాత్‌రూమ్‌లో గాలిలోనే తేమ ఉంటుంది కనుక అక్కడ ఆరనే ఆరదు. చిన్న ఐషాడో బ్రష్‌లు కొన్ని గంటల్లో ఆరిపోతాయి. విశాఖ, కాకినాడ వంటి తీర ప్రాంతాల్లో వానాకాలంలో పెద్ద ఫౌండేషన్ బ్రష్‌కు పూర్తిగా ఒక రోజు కేటాయించండి. పైకి ఆరినట్లున్నా, కుచ్చును విడదీసి కుదురు దగ్గర పై పెదవికి ఆనించి చూడండి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉంది. ఇందుకే బ్రష్‌లు కడగడానికి రాత్రి భోజనాల తర్వాతి సమయాన్ని, మర్నాడు మేకప్ అవసరం లేని రోజును ఎంచుకోమంటాను.

స్పాంజ్ కడగడం

కోడిగుడ్డు ఆకారంలో ఉండే స్పాంజ్‌లు చాలావరకు పాలీయురెథేన్ నురగతో తయారవుతాయి. తడిపితే ఉబ్బి, మెత్తబడి, ఫౌండేషన్‌ను తక్కువగా పీలుస్తాయి. త్రికోణపు ముక్కల రూపంలో వచ్చే తెల్లటి స్పాంజ్‌లలో కొన్ని రబ్బరు పాలతో, అంటే లేటెక్స్‌తో చేసినవి. ఈ తేడా తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే నూనె తగిలితే లేటెక్స్ పొడిపొడిగా చితికిపోతుంది. పొట్లం మీద లేటెక్స్ అని ఉంటే దానికి నూనె పెట్టకండి. అలర్జీ ఉన్నవాళ్లు దాన్ని అసలు వాడకండి.

ముందు స్పాంజ్‌ను కొళాయి కింద పెట్టి, లోపలిదాకా తడిసి పూర్తిగా ఉబ్బేవరకు నాలుగైదుసార్లు పిండండి. పొడి స్పాంజ్‌కు సబ్బు రుద్దితే మరక ఇంకా లోపలికి పోతుంది. తర్వాత మరకలున్న చోట షాంపూ వేసి, వేళ్ల కండతో నొక్కుతూ వదులుతూ ఉండండి. గోళ్లు తగలనివ్వకండి, గోటి గాటు చిన్నదైనా అక్కడి నుంచే చిరుగుతుంది. నురగను లోపలికి పీల్చుకునేలా వదలడం, మళ్లీ పిండడం, ఈ రెండే అసలు పని. మొండి మరక ఉంటే పాలీయురెథేన్ స్పాంజ్‌కు ముందుగా ఒక చుక్క నూనె అద్ది, ఐదు నిమిషాలు ఆగి, అప్పుడు షాంపూ పెట్టండి. పిండిన నీళ్లలో నురగ గానీ రంగు గానీ రావడం ఆగే వరకు జాలించాలి. స్పాంజ్‌లో షాంపూ మిగిలితే మర్నాడు ఫౌండేషన్‌తో కలిసి చర్మానికి చేరుతుంది.

వేడి నీళ్లలో ఉడకబెట్టడం, మైక్రోవేవ్‌లో పెట్టడం అనే చిట్కాలు బాగా ప్రచారంలో ఉన్నాయి. మరిగే నీళ్లకు నురగ గట్టితనం కోల్పోయి త్వరగా చిరుగుతుంది. మైక్రోవేవ్‌లో తడి చాలకపోతే స్పాంజ్ కాలుతుంది, తీసేటప్పుడు చేతులూ కాలవచ్చు. కొత్త స్పాంజ్ ధర కోసం ఇంత సాహసం అక్కరలేదు.

కడిగిన స్పాంజ్‌ను తువ్వాలులో చుట్టి బలంగా అదిమి, అన్ని వైపులా గాలి తగిలేలా పెట్టండి. గిన్నెల స్టాండు కమ్మీల మీద, తీగతో చేసిన చిన్న స్టాండు మీద, లేదా పలుచని వల సంచిలో వేలాడదీసి ఆరబెట్టవచ్చు. కొన్నప్పుడు వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలో తడి స్పాంజ్‌ను తిరిగి పెట్టడం వల్లే లోపల బూజు పుడుతుంది. అనుమానం వస్తే స్పాంజ్‌ను నిలువునా కోసి చూడండి. పైకి గులాబీ రంగులో కనిపిస్తున్న స్పాంజ్ మధ్యలో నల్లని చుక్కలు ఉండడం ఒకసారి చూశాక, తడి డబ్బాలో పెట్టడానికి మీ చేతులు రావు. బూజు పట్టిన స్పాంజ్‌ను ఎంత కడిగినా లాభం లేదు, పారేయాలి. రోజూ వాడేవాళ్లు స్పాంజ్ బాగున్నా బాగుండకున్నా మూడు నెలలకొకసారి మార్చుకోవాలి. కాంపాక్ట్‌తో వచ్చే పఫ్‌లకు కూడా ఇదే పద్ధతి, కాకపోతే వాటిని మెలిపెట్టి పిండకూడదు.

పెళ్లిళ్లలో మేకప్ వేసేవారికి

ఒకే ఉదయం పెళ్లికూతురికి, తోడపుట్టిన వాళ్లకు, పిన్నులకు, అత్తయ్యలకు వరసగా మేకప్ వేయవలసి వచ్చినప్పుడు మధ్యలో బ్రష్‌లు కడిగి ఆరబెట్టే వ్యవధి ఉండదు. మనిషికొక బ్రష్ సెట్టు తీసుకెళ్లడమే సరైన పద్ధతి. అది కుదరకపోతే బ్రష్‌ను టిష్యూ మీద బాగా తుడిచి, 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొనల మీద పిచికారీ చేసి, మళ్లీ తుడిచి, పూర్తిగా ఆరే వరకు ఆగాలి. 99 శాతం ఉన్నది ఇంకా బలంగా పనిచేస్తుందనుకోవడం పొరపాటు. అది క్షణాల్లో ఆవిరైపోతుంది. 70 శాతం దానిలో ఉన్న నీటి వల్ల ఆల్కహాల్ ఎక్కువసేపు నిలిచి సూక్ష్మజీవులను చంపగలుగుతుంది. ఆల్కహాల్ మేకప్ ముద్దను తొలగించదు, కాబట్టి ఇంటికి వచ్చాక షాంపూతో కడగడం ఎలాగూ తప్పదు. దీపం, అగరుబత్తి వెలుగుతున్న గదిలో ఆల్కహాల్ సీసా మూత తీయకండి.

స్పాంజ్ మాత్రం ఒకరికి వాడింది ఇంకొకరికి వాడకూడదు, ఆల్కహాల్ లోపలి రంధ్రాల దాకా చేరదు. లిప్‌స్టిక్‌ను, క్రీమును స్టీలు పలక మీదికి గరిటెపుల్లతో తీసుకుని వాడండి. కాటుక, మస్కారా ఎవరివి వాళ్లవే ఉండాలి. 2023 వానాకాలంలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కళ్లకలకలు ఎంత వేగంగా పాకాయో గుర్తున్నవారికి దీని అవసరం వేరే చెప్పనక్కరలేదు.

జబ్బు చేసినప్పుడు, పారేయవలసి వచ్చినప్పుడు

కళ్లకలక వచ్చినా, కంటికురుపు లేచినా, పెదవి మీద నీటి పొక్కులు వచ్చినా తగ్గేవరకు ఆ భాగానికి మేకప్ ఆపండి. ఆ రోజుల్లో వాడిన స్పాంజ్‌ను, పఫ్‌ను, మస్కారాను, ద్రవ రూపంలోని ఐలైనర్‌ను పారేయండి. కంటి బ్రష్‌లను, పెదవి బ్రష్‌ను షాంపూతో కడిగి, ఆరాక ఆల్కహాల్ పట్టించి, మళ్లీ ఆరబెట్టి, పూర్తిగా తగ్గాకే వాడుకోండి.

మంచి బ్రష్ ఏళ్ల తరబడి వస్తుంది. కొత్త బ్రష్ మొదటి రెండు మూడు కడుగులకు నాలుగైదు వెంట్రుకలు వదలడం సహజమే. పాత బ్రష్ ప్రతి వాడకానికీ ముఖం మీద వెంట్రుకలు వదులుతున్నా, కడిగి ఆరబెట్టాక కూడా పుల్లటి వాసన వస్తున్నా, కొనలు విరిగి చర్మాన్ని గుచ్చుతున్నా దాన్ని పక్కన పెట్టవలసిందే. తొడుగు మాత్రమే వదులై, కుచ్చు బాగుంటే, పిడిని విడదీసి లోపల పూర్తిగా ఆరనిచ్చి, రెండు చుక్కల గట్టి జిగురుతో మళ్లీ అతికించుకోవచ్చు.

ఆరిన బ్రష్‌లను కొనలు పైకి ఉండేలా గ్లాసులో పెట్టి, దుమ్ము పడకుండా పలుచని నూలుగుడ్డ కప్పండి. గాలి ఆడని జిప్ సంచుల్లో పెట్టకండి. ప్రయాణంలో మేకప్ వేసుకున్న వెంటనే బయలుదేరవలసి వస్తే స్పాంజ్‌ను పిండి, టిష్యూలో చుట్టి, విడి గుడ్డ సంచిలో వేసుకుని, దిగిన చోట సంచి విప్పగానే ముందు దాన్ని తీసి కడిగి గాలికి పెట్టండి.